అత్త విప్పిన నూలు

పక్కింటి అత్త పోయిందని పొద్దున ఆమె కూతురు గోడ మీదుగా చెప్పింది. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. అవి పొంగిపోయాక గాని ఆ మాట నా తలకెక్కలేదు.

ఆమె నాకు బంధువు కాదు. ఎప్పుడో మూతపడిన నూలు మిల్లులో పాతికేళ్లు పనిచేసిన మనిషి. ఈ పుదుచ్చేరి ఉక్కలో నాకు అల్లిక నేర్పింది ఆమే. మందుల వల్ల మా అమ్మ జుట్టంతా రాలిపోయినప్పుడు, టోపీ అల్లుదామని చౌకగా దొరికే మెరుపు ఊలు కొన్నాను. అత్త దాన్ని వేళ్లతో నలిపి చూసి పక్కన పడేసింది.

"ఏంది పాపా ఇది, ప్లాస్టిక్కు! మీ అమ్మ తల ఉడికిపోతాది."

మంచి నూలుండలమ్మే అంగట్లో ధర విని, ఊరికే చూసిపోదామని వచ్చినట్టు నటించి బయటపడ్డాను. అప్పుడు అత్త నన్ను ఆదివారం సంతకు, పాత బట్టల కుప్ప దగ్గరికి పంపింది. గొప్పగా మూడు నూలు స్వెట్టర్లు తెచ్చాను. ఆమె ఒకటి తిరగేసి నవ్వింది.

"యాడ చూసి కొన్నావు? ఇది కత్తిరించి మిషను మీద కుట్టింది. ఇప్పితే తుండు తుండుగా వస్తాది. అంచు కత్తిరించకుండా అల్లింది తీసుకో, ఒకే దారం వస్తాది."

ఆ తర్వాత నేను తెచ్చినవన్నీ తనే విప్పేది. "నీకు ఓపిక లేదు, తెంపేస్తావు" అని నన్ను ముట్టనిచ్చేది కాదు. పీచు ఎగిరేది. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, మళ్లీ దారం లాగేది. అడిగితే "మిల్లు దగ్గులే" అనేది. నేను నమ్మి, కుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూడు టోపీలు అల్లాను. అమ్మ కోలుకుంది.

అత్త పోయిన రోజు వాకిట్లో ఆమె కూతురు చెప్పింది. "దూది దుమ్ము తగిలితే పానానికే ముప్పని డాక్టరు ఎప్పుడో చెప్పినాడక్కా. నేను తిట్టినా వినలా. ఆ పిల్ల ఇప్పితే దానికీ ఈ దగ్గు వస్తాది అనింది, నీ గురించే."

నా మీద నాకు అసహ్యం వేసింది. ఆమె ఊపిరి వాడుకుని నేను అల్లిక నేర్చుకున్నాను. మీలో ఎవరైనా పాత స్వెట్టరు విప్పేటట్టయితే నీళ్లు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని విప్పండి. ఆ మాత్రం నాకు తోచలేదు.

స్నానం చేయించాక ఒక పెద్దావిడ దూది ఉండలు చేసి అత్త ముక్కుల్లో పెట్టింది. అది మాత్రం వద్దని అరవబోయాను. ఉండలో ఇమడని పీచు ఒకటి ఆమె పైపెదవి మీద నిలిచింది. ఎంతసేపు చూసినా కదలలేదు.