చెరువు కట్ట మీద పెద్ద లైటు

రెండువేల దశకం నడుమ వనపర్తి అంచున, చెరువు పక్కనే ఒక ఇంట్లో అద్దెకుండేదాన్ని. బడిలో సైన్సు చెప్పేదాన్ని. చలికాలం రాగానే, తల మీద రెండు నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటి వచ్చి ఆ చెరువులో దిగేవి. అంత దూరం నుంచి వచ్చే అతిథులకు మా వార్డు నాయకుడు చేసిన మర్యాద, కట్ట మీద ఒక ఎత్తైన స్తంభం, దానికి పెద్ద పెద్ద లైట్లు. కొబ్బరికాయ కొట్టి, "ఇగ పిట్టలు రాత్రిపూట గూడ కనవడ్తయి" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

మబ్బుపట్టిన ఒక సాయంత్రం ఓ గుంపు వచ్చింది. నీళ్లు కిందే ఉన్నా దిగకుండా ఆ వెలుగు చుట్టూ అరుస్తూ తిరిగింది. పొద్దున చూస్తే మిగతావి ఎటో ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది. కూలికి పోయే మా పక్కింటి పెద్దమ్మ, తన గోడ వారన పడి ఉన్న దాన్ని తట్ట కింద మూసిపెట్టి నన్ను పిలిచింది. రెక్కలు బాగానే ఉన్నాయి, దిమ్మతిరిగిందంతే. తేరుకున్నాక ఇద్దరం మోసుకెళ్లి నీళ్లలో వదిలాం.

నేను నాయకుడింటికి వెళ్లాను. పక్షులు చుక్కల్ని చూసి దారి పట్టుకుంటాయని, ఇంత వెలుగులో తికమకపడతాయని చెప్పాను. లైట్ల మీద రేకు కప్పి వెలుగు కిందికే పడేట్టు చేయమన్నాను, జనం ఇళ్లు చేరాక ఆర్పేయమన్నాను.

"ఏంది టీచరమ్మా, పిట్టల కోసం ఊరు చీకట్ల ఉండాల్నా? వాటిని చూడనీకే గద లైటు పెట్టిచ్చింది!"

టీ తాగించి పంపాడు. సైన్సుకు అంతకు మించి గౌరవం దక్కలేదు.

పెద్దమ్మ బాధ వేరు. మా వాడలో చాలా ఇళ్లకు మరుగుదొడ్లు లేవు. దొడ్లు కట్టించమంటే లైటు పెట్టించారు. చీకట్లో కట్ట మీదికి పోయే ఆడవాళ్లకు ఉన్న ఒక్క చాటూ పోయింది. ఒకనాడు పొద్దు పొడవక ముందే వాడకట్టు ఆడవాళ్లంతా చెంబులతో నాయకుడి గుమ్మం ముందు నిలబడ్డారు. నేనూ వెళ్లాను.

"అన్నా, నీ బాత్రూం తలుపు తియ్యి" అంది పెద్దమ్మ. "కట్ట మీద మాకు జాగ లేకుండ జేస్తివి. ఇగ రోజూ గీడికే వస్తం."

ఆయన భార్య లోపల్నుంచి ఏమందో తెలియదు గానీ, ఆ సాయంత్రానికే లైట్లకు రేకు టోపీలు వచ్చాయి. రాత్రి భోజనాల వేళకు ఆర్పేయడమూ మొదలైంది. కొన్నాళ్లకు బాతులు మళ్లీ దిగాయి. పొద్దున్నే చెరువంతా వాటి గోల.

వాటిని చూడటానికి ఒక పెద్ద అధికారి వచ్చాడు. "వలస పక్షుల కోసమే లైట్లు బంద్ జేయిస్తున్న సార్" అన్నాడు నాయకుడు. అధికారి ఆయన చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు.

పెద్దమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "గిదేంది టీచరమ్మా, మనం ఎప్పుడు బాతులమైతిమి?"

మరుగుదొడ్లు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.