ఓటీపీ చెప్పని జేజి

ఈ పొద్దు నంద్యాల బస్టాండులో నేను పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. మా మనవరాలు శైలజ ఫెలోషిప్ మీద జర్మనీ పోయి దోమల గురించి పరిశోధన చేస్తోంది. దోమలు ఈడ లేవా అని అడగొద్దు, నేను అడిగి తిట్లు తిన్నాను. అక్కడి నుంచే మెడికల్ సీటుకు దరఖాస్తు పెడుతోంది. ఈ రోజే ఆఖరు. ఓటీపీ మాత్రం తన పాత నంబరుకే వస్తుంది. ఆ సిమ్ము ఆళ్లగడ్డలో వాళ్ల జేజి, అంటే నా భార్య, ఫోనులో ఉంది.

పిల్ల నాకు ఫోన్ చేసింది. "జేజినాయనా, జేజి ఓటీపీ చెప్పడంల్యా! ఇంక కాసేపట్లో సైటు మూసేస్తారు!"

వెంటనే ఇంటికి చేశాను.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు సారు చెప్పినాడు," అంది నా భార్య.

"నేను నీ మొగుణ్ణే!"

"మొగుని గొంతుతో గూడా మోసం చేస్తాండారంట. పెట్టెయ్ ఫోను."

మళ్లీ చేసి వీడియోలో చూడమంటే, మొకాలు గూడా తయారు చేస్తాండారంట అంది! డాక్టరు కావాలని ఆ పిల్ల ఎన్నేండ్లుగానో కలవరిస్తోంది. నేను బస్సెక్కి ఇల్లు చేరేలోపు అంతా అయిపోతుంది. దిక్కుతోచక ముగ్గురినీ ఒకే కాల్‌లో కలిపాను. పిల్ల మాట పెగలక వెక్కివెక్కి ఏడ్చింది.

అవతల జేజి ఫోను చెవికి అదుముకున్నట్టుంది, గాజులు గలగలమన్నాయి.

"ఏడుపు మాత్రం దీనిదే. రాసుకో పాపా," అని జేజి అంకెలు చదివింది.

దరఖాస్తు చేరింది, సీటు సంగతి దేవుడెరుగు. ఇంత కాపురం చేశాక తెలిసింది, మా ఇంట్లో మాటకన్నా ఏడుపుకే విలువ ఎక్కువని. మీ ఇండ్లలో దేన్ని నమ్ముతారో చెప్పండప్పా.