ఎస్తేరక్క మీద నేనల్లిన కథ

బొల్లారంలో మా ఇంటి పక్క మైదానంలో లాంగ్ జంప్ గుంటలో కొత్త ఇసుక పోస్తున్నారు. వానకు తడిసిన ఆ ఇసుక వాసన కిటికీలోంచి రాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. నాకు ఆ వాసన ఎస్తేరక్కది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసే అవకాశం లేకుండా పోవడంలో నా చెయ్యి ఉంది. చెయ్యి కాదు, నోరు.

చిలకలగూడలో మా వీధి చివరిల్లు వాళ్లది. కాలేజీలో నాకంటే ఏడాది పెద్ద. రెండు పరుగులు, హర్డిల్స్, రెండు రకాల జంపులు, షాట్‌పుట్, జావెలిన్, అన్నీ ఆమెకు కావాలి. ఏడు పోటీలు కలిసిన హెప్టాథ్లాన్ ఆమె గురి. తెల్లవారేసరికి మైదానంలో ఉండేది. నేనూ వెంట పోయేదాన్ని గాని, నా పరుగంతా నోటితోనే. "నిన్న ఏది పాడైందో ఇయ్యాల అదే ముందు" అనేది అక్క. బాగా వచ్చింది ఆఖర్న, అదీ టైముంటేనే. జావెలిన్ యాభైసార్లు విసిరితే యాభైసార్లూ తనే నడిచి వెళ్లి తెచ్చుకునేది. ఒకసారి జాలేసి, "ఉండక్కా, నేను తెస్తాను" అన్నాను. "వద్దే. నడుస్తుంటెనే తెలుస్తది, ఏడ తప్పు జేసిన్నో" అంది.

రాష్ట్ర శిబిరానికి ఎంపిక పోటీలు జరిగాయి. ఆ వయసు విభాగంలో అక్కకు అదే ఆఖరి ఏడాది. మిగిలింది ఒక్క చోటు. అక్కకూ ఇంకో అమ్మాయికీ పాయింట్లు దాదాపు సమానం. టీ తాగేటప్పుడు, ఎంపిక చేసే కోచ్ మేడమ్ నన్ను పిలిచి, "రోజూ నువ్వు ఎస్తేరు వెంటే ఉంటావట గదా, ప్రాక్టీసు ఎట్లా చేస్తుంది?" అని అడిగింది. చుట్టూ పదిమంది ఉన్నారు. పదిమందిని చూస్తే నా నాలుక ఊరుకోదు.

"ప్రాక్టీసా! అక్కకెందుకు మేడమ్? తొమ్మిదింటిదాకా ముసుగుతన్ని పడుకుంటుంది. రెండు ఇరానీ చాయ్‌లు తాగి వచ్చి దూకేస్తుంది. మా వీధిలో కుక్క తరిమితే ఆటో మీదుగా అవతలికి దూకింది, లోపల డ్రైవరుకే తెలీదు!"

అందరూ పడీపడీ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. మర్నాడు జాబితాలో రెండో అమ్మాయి పేరుంది. కారణం అడిగితే, "ఒళ్లు వంచని పిల్లకు శిబిరం దండగ" అన్నదట.

అక్క అరవలేదు. మా గేటు దగ్గర నిలబడి, "తొమ్మిదింటిదాకా పంటనానే నేను?" అంది.

"గొప్పగా ఉంటుందని చెప్పానక్కా..."

"మరి నేను చేసింది గొప్పగ లేదా?"

అప్పటికప్పుడు మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. యాభై విసుర్లు, యాభై నడకలు, పాడైనదాంతో మొదలుపెట్టడం, అన్నీ ఏడుస్తూ చెప్పాను. ఆమె నా భుజం తట్టి, "ఆటో కథే బాగుందమ్మా, ఇది అంత రక్తి కట్టలేదు" అని నవ్వుతూ వెళ్లిపోయింది. జీవితంలో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెబితే దానికి వచ్చిన విలువ అది.

తర్వాత అక్క సైనిక్‌పురిలో ఒక బడిలో డ్రిల్ టీచరైంది. నన్ను క్షమించానని అనలేదు, లేదనీ అనలేదు. ఎదురైతే మాత్రం "ఏమే, బాగున్నవా?" అనేది. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో నా చుట్టూ ఇప్పటికీ జనం చేరతారు. నేనూ ఇప్పటికీ కోతలు కోస్తాను. ఎస్తేరక్క సంగతి మాత్రం ఒక్క అక్షరం కలపకుండా చెబుతాను. చెప్పడం అయిపోయాక కూడా వాళ్లు కదలరు. అసలు తమాషా ఇంకా రాలేదనుకుని, నవ్వడానికి సిద్ధంగా, నా మొహంలోకే చూస్తూ కూర్చుంటారు.