తిమ్మప్ప తాత స్నానాలు

మా తిమ్మప్ప తాతకు స్నానాలగది అంటే గిట్టదు. మొక్క కనబడితే చాలు, పక్కనే రాయి వేసుకుని, పదిమంది చూస్తుండగా స్నానం మొదలుపెడతాడు. ఒకరోజు వేప, ఒకరోజు కానుగ, ఒకరోజు బడి ముందరి సీతాఫలం. కంబదూరులో ఆయన వీపు చూడని చెట్టు లేదు!

ఆయన్ను పెళ్లికి పిలిచినవాళ్లు నగల పెట్టె వదిలేసి ఆయన్ను కాపలా కాయాలి. ముదిగుబ్బ పెళ్లిలో అందరి కళ్లూ కప్పి, పందిరి పక్క నిమ్మమొక్క దగ్గర గోచితో కూర్చున్నాడు. అప్పుడే పెళ్లికొడుకు ఊరేగింపు వచ్చి సరిగ్గా ఆయన ముందే ఆగింది. తాత చెంబెత్తి, "పోండప్పా పోండి, నాకేం సిగ్గులేదు" అన్నాడు.

ఆయన భార్య, మా నల్లమ్మ అవ్వకు ఒక్కటే అంతుపట్టేది కాదు. "దినామూ నీళ్లు పోసుకుంటాడు. అయినా పొట్టేలు వాసన పోదే!"

"సబ్బు మంచిదే. నీ ముక్కే బాగలేదు" అనేవాడు తాత.

పాపం, అవ్వ ఆ మాట నమ్మి ముక్కులో చుక్కల మందు కూడా వేయించుకునేది.

రెండువేల మూడు, ఏప్రిల్. వానలు మొహం చాటేసిన కాలం. మా అంజలక్క అనంతపురంలో యూనివర్సిటీ చదువు. క్లాసులో ఎవరో భూమి వేడెక్కుతోందని పటాలు చూపించారు. అంతే, అక్కకు అన్నం సయించలేదు, కంటిమీద కునుకు లేదు. సోమవారం పరీక్షలనగా ఫోన్ చేసి ఏడ్చింది.

"పరీక్షలు రాయను తాతా. అంతా మాడిపోతాంటే ఈ డిగ్రీ ఏం చేసుకునేది? ఇంటికొచ్చేస్తా."

"యాడికీ రావద్దు. నేనే వస్తాండా!"

శనివారం పొద్దున్నే దిగాడు. చంకలో చెంబు, సబ్బుపెట్టె.

వాళ్ల డిపార్ట్‌మెంటు ముందు వరసగా ఇరవై ఎండుపుల్లలు.

"ఇవేందప్పా?"

"మొక్కలు తాతా. పోయిన జూన్‌లో పర్యావరణ దినోత్సవం నాడు నాటినాం" అన్నాడు అక్క క్లాసు మల్లికార్జున.

"నాటినారా, పూడ్చిపెట్టినారా?" తాత గోటితో ఒక పుల్ల గీకాడు. లోపల పచ్చ! "బతికే ఉండాది! ఏమ్మే అంజలీ, నా వంతు నీళ్లు పట్రా!"

ట్యాంకరు నీళ్లు మనిషికి బకెట్టు. అది రాగానే తాత చొక్కా విప్పాడు, పంచె విప్పాడు, రాయి వేసుకున్నాడు. చెంబు తలకంటే ఎత్తుకు లేపి "హబ్బా, ఏం చల్లగుండాది!" అని కేకలు. మూడు హాస్టళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

అక్క మొహం కప్పుకుంది. "తాతా, పరువు పోతాది!"

"భూమే పోతాందంటివి. ఇంక పరువెందుకే?"

అక్క పకపకా నవ్వింది. ఇరవై రోజుల తర్వాత!

"ఒక బకెట్టుతో భూమి చల్లబడుతుందా తాతా?" మల్లికార్జున అడిగాడు.

"భూమి సంగతి నాకు తెలీదు. ఈ కానుగకు మాత్రం చల్లగుంటాది. నువ్వు ఆ పక్కదాని దగ్గర కూర్చో."

ఆదివారం పదకొండుమంది అబ్బాయిలు చెంబులతో హాజరు! ఆడపిల్లలు మెస్సులో బియ్యం కడిగిన నీళ్లు మోశారు. ఏ మొక్కకు ఎవరి వంతో అక్క పట్టిక రాసి గోడకు అంటించింది. సోమవారం పరీక్ష కూడా రాసింది.

"భయం పోయిందా?"

"పోలేదు తాతా. కానీ భయపడేదానికి తీరిక లేదు."

ఆ సాయంత్రం తాత బస్టాండుకు వెళ్తూ సబ్బుపెట్టె మరిచిపోయాడు. ఇచ్చొద్దామని తీసిన అక్క, మూత ఊడి సబ్బు కింద పడితే నోరు తెరిచింది. ఎన్నేళ్ల సబ్బో, బిళ్ల మీద ఒక్క అక్షరం కూడా అరగలేదు. ఎముకలా ఎండిపోయి ఉంది! ఒక్క పరుగున వెళ్లి బస్సు దగ్గర తాతను అందుకుంది.

"నిజం చెప్పు తాతా. నువ్వు స్నానం చేసి ఎన్నాళ్లయింది?"

తాత అటూ ఇటూ చూశాడు. "అరవద్దే. తడిగుడ్డతో తుడుచుకుంటాండా కదా. నీళ్లన్నీ నామీద పోసుకుంటే మొక్కకేం మిగులుతాది?"

"మరి ఆ గోచి, ఆ కేకలు?"

"ముసలోడు చెట్టుకు నీళ్లు పోస్తే ఎవుడు చూస్తాడు? గోచి పెట్టుకుంటే ఊరంతా వస్తాది. దిగులుపడిన నువ్వు గూడా నవ్వితివి కదా."

బస్సు కదిలింది. తాత గభాలున కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అంజలీ! మీ అవ్వకు మాత్రం చెప్పొద్దు తల్లీ. బాగుండే ఆ ముక్కులో చుక్కలు నేనే వేస్తాండా!"