మూడు కొటేషన్ల స్టిక్

పటాన్‌చెరులో ఒక పంపుల కంపెనీ పర్చేజ్ విభాగంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మూడు చోట్ల ధర అడిగి మూడు కొటేషన్లు తేకుండా అక్కడ ఒక బోల్టు కూడా గేటు లోపలికి రాదు. ఈ రోగం ఇంటికి ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు గానీ మా ఆవిడకు బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో కుక్కర్ కోసం నేను మూడో కొటేషన్ తెచ్చేలోపు ఆమె రెండు నెలలు గిన్నెలోనే పప్పు ఉడకబెట్టింది.

మా బావమరిది కూతురు తొమ్మిదో తరగతి. వాళ్ల స్కూలు జట్టు కబడ్డీలో ఫైనల్‌కు వచ్చింది. ఆట ఎక్కడో ఆదిలాబాద్‌లో, ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ఇంటర్నెట్‌లో చూపిస్తారట. ఆ పిల్లకు కూత పెట్టడం నేర్పింది మా ఆవిడే. బొంతపల్లిలో పుట్టింటికి వెళ్లినప్పుడల్లా కొంగు బిగించి వాకిట్లో గీత గీసేది. సెమీఫైనల్‌ను ఫోన్‌లో చూశాం. చీమలు కొట్టుకుంటున్నట్టు ఉంది. అందులో మా చీమ ఏదో తెలియక, ఆట అయ్యేదాకా ఆమె వేరే పిల్లకు చప్పట్లు కొట్టింది.

"ఫైనల్ మాత్రం పెద్ద టీవీల సూడాలె," అంది సోమవారం పొద్దున. "మన టీవీకి ఇంటర్నెట్ రాదు. గా వేలంత స్టిక్ టీవీ ఎనక పెడితే వస్తదంట. జెర జల్దీ తీస్కరా. నాకు ఇంకేం వద్దు."

వారం ఉంది కదా అనుకున్నాను. అదే నా కొంప ముంచింది. ఆఫీసులో భోజనాల వేళ కంపారిటివ్ స్టేట్‌మెంట్ గీశాను. ఏ స్టిక్‌కు ఎంత వారంటీ, ఏది త్వరగా వేడెక్కుతుంది, ఏ రిమోట్ మనం మాట్లాడితే వింటుంది. మా ఇంట్లో నేను మాట్లాడితే వినేవాళ్లు తక్కువ కాబట్టి ఆ చివరిదానికి ఎక్కువ మార్కులు వేశాను. పటాన్‌చెరు, కిష్టారెడ్డిపేట షాపుల ధరలు మంగళవారానికే వచ్చాయి. మూడోదానికి సంగారెడ్డిలో తెలిసిన సేటుకు ఫోన్ చేశాను. ఆయన రోజూ "రేపు చెప్త సార్" అన్నాడు. శుక్రవారం నుంచి మా ఆవిడ అడగడం మానేసింది. అది మంచి సూచన కాదని నాకు తట్టలేదు.

ఆదివారం బండేసుకుని నేనే సంగారెడ్డి వెళ్లాను. సేటు ఎవరిదో పెళ్లి భోజనం ముగించుకుని షాపు తెరిచేసరికి రెండయింది. తీరిగ్గా స్టిక్ తీసి, పక్కన జానెడు వైరు ఒకటి పెట్టాడు.

"మీ టీవీ గోడకు అతుక్కొని ఉంటదా సార్? ఉంటే గీ వైరు గూడ తీస్కపోండ్రి. లేకుంటే స్టిక్ పట్టది."

ఇరవై రెండేళ్ల అనుభవం నాలో లేచి కూర్చుంది. ప్రతి వ్యాపారీ చివర్లో ఇలాగే ఏదో ఒకటి అంటగడతాడు.

"ఇండెంట్‌ల వైరు లేదు సేటు," అన్నాను, మా ఆవిడ చెప్పిన సరుకు స్టిక్ ఒక్కటే కదా అని.

ఆయన వైరు లోపల పెట్టేశాడు. గెలిచిన ఆనందంలో దారిలో ఆగి మిర్చి బజ్జీలు కూడా తిన్నాను.

పటేల్‌గూడలో ఇల్లు చేరేసరికి మూడున్నర దాటింది. మా ఆవిడ పిలవగా వచ్చిన అపార్ట్‌మెంటు ఆడవాళ్లు నలుగురు అప్పటికే చాప మీద కూర్చుని ఉన్నారు. టీవీ వెనక్కి చేయి పోనిచ్చాను. గోడకూ దానికీ మధ్య నా వేళ్లే కష్టంగా పట్టాయి. కింది అంచు పట్టి ముందుకు లాగితే స్టిక్ దూరింది, బొమ్మ కూడా వచ్చింది. వదిలితే మాత్రం స్టిక్ గోడకు గుద్దుకుని విరిగేలా ఉంది. దిండు అడ్డం పెడితే జారిపోయింది. పప్పుగుత్తి పెడితే టీవీ వేలాడే పై కొక్కేలు ఊడబోయాయి.

"దీనికి వైరు గిట్ల ఏం రాదా?" అంది మా ఆవిడ.

"సేటు ఇస్తనన్నడు. నేనే వద్దన్న."

ఆమె గడియారం వైపు చూసింది. తిట్టినా బాగుండేది. అంత సిగ్గు నేను ఆఫీసులో కూడా ఎప్పుడూ పడలేదు. గోడకు భుజం ఆనించి, రెండు చేతులతో టీవీ అంచు ముందుకు లాగి పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వు కూసో," అన్నాను. "ఆట సూడు."

నాకు టీవీ వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ఆటంతా మా ఆవిడ ముఖంలోనే చూశాను. మేనకోడలు కూతకు వెళితే ముందుకు వంగేది, పట్టుబడితే కళ్లు మూసుకునేది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయని, చివరి కూతకు మా పిల్లే వెళ్తోందని పక్కావిడ చెప్పింది. మా ఆవిడ లేచి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని, ఊపిరి తీయకుండా. అక్కడ ఆ పిల్ల గీత తాకేదాకా ఇక్కడ ఈమె గుక్క తిప్పుకోలేదు. చిన్నప్పుడు ఆడేదని విన్నాను. ఎందుకు మానేశావని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఆడవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. మా ఆవిడ నవ్వుతూనే ఏడుస్తోంది. నేను టీవీ పట్టుకునే అడిగాను.

"గెలిచిన్రా? ఇగ వదలనా?"

"వదలకు," అంది, కళ్లు తుడుచుకోకుండానే. "ఇంకా కప్పు ఇయ్యలేదు."

కప్పు ఇచ్చే ముందు ముఖ్య అతిథి ఉపన్యాసం ఉంది. అది కూడా నిలబడే విన్నాను.