గుల్లదిబ్బ మీద కొసరు

నా చిన్నప్పుడు మా బజారులో నన్ను బేరాలకు అరువిచ్చేవాళ్ళు. పక్కింటి అక్క గాజులు కొనాలన్నా, ఎదురింటి పిన్నిగారు ఇత్తడి బిందె మార్చాలన్నా "కాస్త మీ పిల్లని పంపుతారా అండీ, గంటలో తెచ్చి దించేస్తాం" అని మా అమ్మనడిగి తీసుకెళ్ళేవారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. చదువులో నా సంగతి అడగొద్దు గానీ, ధర చెప్పినవాడి మొహం చూసి అందులో అబద్ధం ఎంతో ఇట్టే చెప్పేసేదాన్ని. బేరం తెగాకే నా అసలు పని మొదలయ్యేది. అదే కొసరు. కొన్నదాని మీద ఊరికే రావలసిన ఆ పిసరు రాకపోతే నాకు అన్నం సహించేది కాదు. చింతపండు కొంటే నాలుగు రెబ్బలు, పూలు కొంటే జానెడు మాల, చివరికి బడి దగ్గర బలపం కొన్నా విరిగిన ముక్క ఒకటి అదనంగా. ఇదంతా గొప్పకు చెబుతున్నానని అనుకోకండి. ఆ పిల్ల ఇప్పుడు నా గుమ్మంలోకొస్తే తలుపేసుకుంటాను.

మాది విజయవాడ వన్‌టౌన్. మా తాతయ్యకు కాలువ గట్టున సున్నం కొట్టు ఉండేది, దాని వెనకే బట్టీ. సముద్రం దగ్గర ఏరిన గుల్లను బొగ్గుతో పొరలు పొరలుగా పేర్చి కాలిస్తే తెల్లటి సున్నం దిగేది. గోడలకు వెల్ల అదే, తమలపాకులోకీ అదే. మా ఇంట్లో కోడిగుడ్డు మాటెత్తితేనే చెవులు మూసుకునేవాళ్ళు. అలాంటి ఇంటికి అన్నం పెడుతున్నవి నీళ్ళలో పుట్టి పెరిగి చచ్చిన ప్రాణుల డొల్లలని నాకెవరూ చెప్పలేదు. గుల్ల అంటే ఒక రకం రాయి అనుకునేదాన్ని. కంకర కొండల్లో దొరికినట్టు గుల్ల సముద్రంలో దొరుకుతుంది, అంతే.

డెబ్బై ఏడు ఉప్పెనకు మూడేళ్ళ ముందు మాట. దసరా ఇంకా నెల్లాళ్ళుందనగా గుల్ల రావడం తగ్గిపోయింది. ఊళ్ళో ప్రతి ఇల్లూ వెల్ల వేయించుకునే రోజులు. కొట్టు ముందు జనం, కొట్లో చూస్తే అడుగంటిన తొట్లు. తాతయ్య గుల్ల కోసం తనే బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. "నా నోరు ముసలిదైపోయిందే, నీ నోరు పట్టుకురా" అన్నాడు. తొలి బస్సుకు కదిలి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి నాగాయలంక, ఆపైన పడవెక్కి, కృష్ణ సముద్రంలో కలిసేచోట మడచెట్ల పక్కనున్న ఒక చిన్న పల్లె చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది.

ఆ పల్లెలో మాకు గుల్ల పోసేది ఒక అవ్వ. మనిషి ఎండు మిరపకాయలా ఉండేది, నడుముకు ఎప్పుడూ ఆకూ సున్నం సంచి వేలాడుతుండేది. ఒడ్డుకు కొట్టుకొచ్చినవీ, ఒండ్రులో కూరుకుపోయినవీ ఎండు గుల్లలన్నీ పల్లెలో ఆడవాళ్ళు ఏరి కడిగి ఆవిడ వాకిట్లో కుప్ప పోసేవారు. అవ్వ తట్టతో కొలిచి ఇచ్చేది. పది తట్టలకొక తట్ట మాకు కొసరు. అది మా తాతయ్య వాళ్ళ నాన్న రోజుల నుంచీ వస్తున్న ఆనవాయితీ. ఆ యేడు కుప్ప నా నడుమెత్తు కూడా లేదు.

"ఇంతేనా అమ్మా?" అన్నాడు తాతయ్య.

"కొట్టుకొచ్చింది ఏరతాం గానీ, మేం పుట్టిస్తామేంటండి షావుకారుగారూ?" అంది అవ్వ.

నేను ఏటివైపు చూశాను. పాటు తీసి నీళ్ళు వెనక్కి జరిగాయి. ఏటి నడుమ బూడిద రంగులో, గేదెలమంద పడుకున్నట్టు ఒక దిబ్బ తేలింది. తేరిపార చూస్తే అదంతా గుల్లే. మా బట్టీకి పదేళ్ళు సరిపోయేంత గుల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం అవ్వా, అంత సరుకు నీళ్ళలో దాచిపెట్టి, ధర పెంచడానికి గుప్పెడు చూపిస్తున్నావా?"

"అది అమ్మేది కాదు పాపా."

బజారులో పెరిగినవాళ్ళకు 'అమ్మేది కాదు' అంటే ఒకటే అర్థం. ధర ఇంకా కుదరలేదని. నేను అవ్వను వదిలేసి ఆవిడ కొడుకు దగ్గరకు చేరాను. అతను వాకిట్లో కూర్చుని నూలు వల కుట్టుకుంటున్నాడు. కుట్టినచోట కాక పక్కన చిరుగుతోంది. ఆ రోజుల్లో నైలాను వలలు కొత్తగా దిగాయి. అవి కుళ్ళవు, నీళ్ళలో కనబడవు. పక్క పల్లెలో నలుగురు కొన్నారు, వాళ్ళ పడవలు నిండి వస్తుంటే ఇతనిది అడుగు కనబడుతూ వస్తోంది. ఈ సంగతులన్నీ నేను అడిగిన పావుగంటలో అతనే చెప్పేశాడు. మనిషికి ఏం కావాలో తెలిస్తే బేరం సగం అయిపోయినట్టే. దిబ్బ మాకిస్తే కొత్త వల మీ గుమ్మంలో ఉంటుందన్నాను.

అతను చిరుగులో వేలు పెట్టి చూసుకున్నాడు. దిబ్బ పల్లె అందరిదీ. అయితే గుల్ల విషయంలో అవ్వ ఇంటి మాటే మాట. ఆ ఇంటివాళ్ళు గునపం దించితే, అప్పటికే చేతులు దురదపెడుతున్న మరో రెండిళ్ళవాళ్ళు మర్నాడే దించుతారు. అది అతనికీ తెలుసు. తెలిసే "సరేలెండి షావుకారుగారూ" అన్నాడు, తల్లి వైపు చూడకుండా. తాతయ్య నా తల నిమిరాడు. నేను మామూలుగా "మరి కొసరో?" అన్నాను. దిబ్బ మొత్తం కొనేశాక ఇంక కొసరేమిటో నాకే తెలియదు. అలవాటు.

అవ్వ కొడుకుని పక్కకు జరిపి ముందుకొచ్చింది. తాతయ్యతో, "బేరమాడింది పాపే కదండీ. మీ బజారులో సరుకు చూడకుండానే కొంటారా? పోటు రాకముందే చూపించుకొస్తాను" అంది. వ్యాపారస్తుడు కాదనలేని మాట అది.

చిన్న దోనెలో అవ్వ నన్ను దిబ్బకు తీసుకెళ్ళింది. చెప్పులు విప్పొద్దంది. దిగీ దిగగానే నాకు ఎవరో చిటికెలు వేస్తున్నట్టు వినిపించింది. ఒకచోట టప్పు, ఇంకోచోట టప్పు. కాలి పక్కనుంచి సన్నగా నీళ్ళు చిమ్మి నా పరికిణీ తడిసింది. నేను కెవ్వుమన్నాను.

"మూతులేసుకుంటన్నయ్యి. కొత్త మనిషి వచ్చిందిగా" అంది అవ్వ.

అవన్నీ ఆల్చిప్పలు. వాకిట్లో నేను చూసే గుల్లల్లా విడివిడిగా లేవు. ఒకదాన్నొకటి పట్టుకుని, ఒకదాని వీపు మీద ఒకటి, అందులో కొన్ని అరిచేయంత, వాటిమీద గోరంతవి, వాటిమీద ఇంకా చిన్నవి, కందిగింజలంత. సందుల్లో నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళలో గాజుముక్కల్లాంటి రొయ్యపిల్లలు, అడ్డంగా పరుగెత్తే పీతలు, పేరు తెలియని చేపపిల్లలు. నాకు అచ్చం మా వన్‌టౌన్ వీధిలాగే అనిపించింది. కింద కొట్టు, కొట్టు మీద ఇల్లు, ఇంటి మీద అద్దెకున్నవాళ్ళు, వాళ్ళమీద రేకుల షెడ్డు. ఆ మాటే పైకి అన్నాను.

అవ్వ నవ్వింది. "అయితే మీ ఇల్లు మేడా?"

"మేడే. మూడంతస్తులు."

"కింది గోడ ఇటుకలు నాకు కావాలి పాపా. తట్ట ఎంతకిస్తా?"

"గోడ ఎవరైనా అమ్ముతారా అవ్వా?"

"పైది అడగట్లా. కింది వరసే. నీకు నైలాను పరికిణీ కొనిపెడతా."

"కింది వరస తీస్తే పైన మేమెట్టా ఉంటాం?"

"పోనీ, కొసరుగా రెండు ఇటుకలన్నా ఇవ్వకూడదూ?"

నేను నోరు తెరిచి, ఇంకేం అనాలో తోచక మూసుకున్నాను. ఆ ఆల్చిప్పలు చేసిన పనే. నా జన్మలో బేరం మధ్యలో మాట దొరక్కపోవడం అదే మొదలు. అవ్వ రెట్టించలేదు. గెలిచినవాళ్ళు ఎదుటివాళ్ళ మొహం చూసి ఇంకొంచెం నవ్వుతారు కదా, అదీ చేయలేదు. ఆ చుట్టుపక్కల చేపపిల్లలు పెరిగేది ఆ సందుల్లోనేనని, ఏరు పొంగినప్పుడు ఒడ్డు కోసుకుపోకుండా కాసేది కూడా ఆ దిబ్బేనని, కూరకు నాలుగు తీసుకుంటారు గానీ బట్టీకి బతికున్న గుల్లను వాళ్ళ అమ్మా ముట్టలేదు, తానూ ముట్టలేదని, పనిలో పనిగా చెప్పుకుంటూ పోయింది. చివర్లో గొంతు తగ్గించి, "మావోడు చెడ్డోడు కాదు. పిల్లలకి కంచంలో ముక్క కనపడాల, అంతే వాడి బాధ. వల కావాల. కొత్త వల తెచ్చుకుని వాడెక్కడ వేస్తాడు, చేప పుట్టే చోటు మీ బట్టీలో కాలిపోయాక?" అంది.

తిరిగి దోనెలోకి ఎక్కబోతూ జారి గుల్లను పట్టుకున్నాను. బొటనవేలు చీరుకుపోయింది. అవ్వ పైట కొంగు చించి, నడుము సంచిలోంచి సున్నం తీసి అద్ది కట్టు కట్టింది. భగ్గున మండింది.

"ఓర్చుకో. మీ తాతగారి కొట్టుదే" అంది.

మేం ఒడ్డుకొచ్చేసరికి తాతయ్యా, అతనూ దిబ్బ తవ్వకం ఎప్పుడు మొదలెట్టాలో మాట్లాడుకుంటున్నారు. దారిపొడుగునా నేను ఆలోచించింది ఒకటే. బేరం చేయడం వచ్చు గానీ, తెగిన బేరాన్ని చెడగొట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. మా బజారులో మాట తప్పినవాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు. ఒక్క దారే ఉంది. సరుకు బాగాలేదనడం.

"తాతయ్యా, ఆ గుల్ల మనకొద్దు. అంతా నీచు."

"నీచా?"

"ప్రాణమున్న గుల్ల. బట్టీలో వేస్తే వన్‌టౌనంతా కంపు కొడుతుంది. దసరాకు ఎవరూ మన గుమ్మం తొక్కరు."

తాతయ్య నా మొహం చూశాడు, నా వేలి కట్టు చూశాడు, ఆ కట్టు గుడ్డ ఎక్కడిదా అని అవ్వ పైట చూశాడు. "నీచు సరుకైతే మనకొద్దులే" అన్నాడు.

అవ్వ కొడుకు చేతిలో పాత వల అలాగే ఉండిపోయింది. తిట్టినా బావుండేది. "ఏంటమ్మా పాపా, నువ్వే అడిగి, నువ్వే వద్దంటివి" అన్నాడు నెమ్మదిగా. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట విని నాకే భయమేసింది. ఇకమీదట ఎండు గుల్ల మీద మాకు కొసరు వద్దన్నాను. పైగా పది తట్టలకు ఒక తట్ట ధర మేమే ఎక్కువ కట్టిస్తామన్నాను. తరతరాల కొసరును నేను ఒక్క గుక్కలో వదిలేస్తుంటే తాతయ్య దగ్గాడు, అంతే. ఆపలేదు. ఆపకపోగా, "అబ్బాయ్, వచ్చే ఆదివారం బెజవాడ రా. వల కొట్టుకి దీన్ని తోడిస్తాను. సగం ధరకు తెస్తుంది" అన్నాడు.

అతను వచ్చాడు. నేను వల కొట్టులో మూడు గంటలు కూర్చున్నాను. కొట్టాయన మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, చివరికి సోడా తెప్పించాడు. అంత గొప్పగా నేను మళ్ళీ ఎప్పుడూ బేరమాడలేదు. సగానికి కాదు గానీ, ముప్పాతికకు దించాను. కొసరుగా రెండు కండెల నైలాను దారం కూడా లాగాను. అది వల కుట్టుకోవడానికి.

అసలు సంగతి చెప్పడం మరిచాను. ఆ రోజు పల్లె నుంచి తిరుగు బస్సులో తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "ముప్పై ఏళ్ళుగా ఆ దిబ్బ పక్క నుంచే వస్తున్నానే. అది బతికున్నదని నాకు తెలియదా? ఏనాడూ నేను అడగలేదు. నువ్వు అడిగేసరికి నాకూ ఆశ పుట్టింది" అన్నాడు. పెద్దవాళ్ళు తమ తప్పును పిల్లలకు చెప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

అవ్వ ఉప్పెనకు ముందు యేడే పోయింది. అది ఆవిడ అదృష్టమని తర్వాత ఆ పల్లెవాళ్ళు అనేవారు. ఉప్పెనలో పల్లె చాలావరకు లేకుండా పోయింది. అవ్వ కొడుకు భార్యాబిడ్డలతో చల్లపల్లిలో చెల్లెలి ఇంట ఉండబట్టి మిగిలాడు. రెండు నెలల తర్వాత ఎవరిదో చొక్కా తొడుక్కుని మా కొట్టుకొచ్చాడు. తాతయ్య మంచినీళ్ళిచ్చాడు. పడవ, వల ఏవీ లేవని అతని చేతులు చూస్తేనే తెలుస్తోంది. నేనే తెగించి దిబ్బ గురించి అడిగాను.

"ఉందమ్మా. పైన ఒండ్రు పట్టి సగం చచ్చింది. పిల్ల గుల్ల మళ్ళీ ఎక్కుతోంది" అన్నాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. రైతుబజారులో కూరగాయల వాళ్ళు నన్ను దూరం నుంచి చూసే ధర పెంచుకుని సిద్ధంగా ఉంటారు. బేరం మానలేదు, మానను కూడా. దిగాల్సినంతా దించాక, కాటా మీంచి సంచిలో పోసుకున్నాక, ఒక గుప్పెడు తీసి మళ్ళీ వాళ్ళ గంపలో వేస్తాను. బెండకాయలైనా, చిక్కుళ్ళైనా సరే. మొన్న ఒక కొత్త పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో, తల్లి బదులు కూర్చుంది. "పావుగంట నుంచీ గీసి గీసి బేరమాడి మళ్ళీ వెనక్కి పెడతారేంటండీ మామ్మగారూ?" అంది అనుమానంగా, పుచ్చులేమైనా ఏరి వేశానేమోనని గంపలోకి చూస్తూ.

"కొసరమ్మా" అన్నాను.

"కొసరు మేం కదండీ ఇచ్చేది?"

నేనూ అలాగే అనుకునేదాన్ని అన్నాను. ఆ పిల్ల నా మొహం కాసేపు చూసి, అందులో అబద్ధమేమీ లేదని తేల్చుకుందేమో, గంప తనవైపు జరుపుకుంది. సంచి ఎత్తుకుంటుంటే బొటనవేలి మీది తెల్లటి గీత చురుక్కుమంది.