కప్పు కింద స్టూలు

మా ఇంటి స్లాబు పెచ్చులూడుతోందని నిన్న మేస్త్రిని పిలిచాను. ఆయన కర్రతో కప్పు మీద తడుతూ గదంతా తిరిగాడు. టక్, టక్. ఒకచోట డొల్లగా పలికింది. నేను గబుక్కున గుమ్మంలోకి జరిగాను. ఆ వెంటనే సుగుణ సిస్టర్ గుర్తొచ్చింది.

గోదావరిఖనిలో బాయి అంటే బొగ్గు గని. నేను అందులో పనిచేసేవాణ్ణి. దిగగానే మేము కర్రతో పైకప్పు తట్టి వినేవాళ్లం. ఖంగుమంటే గట్టిదని, డొల్లగా మోగితే దూరం జరగాలని లెక్క. ప్రమాదం జరిగిన రోజు కూడా నేనూ, నా జోడీ రాజమన్నా తట్టే చూశాం. గట్టిగానే పలికింది. కాసేపటికే కూలింది. నా కాలు నుజ్జయింది. రాజమన్న ప్రాణాలతో బయటికి రాలేదు.

దవాఖానలో నొప్పి ఎలా ఉందని ఎవరడిగినా "ఏం లేదు" అనేవాణ్ణి. మనిషే పోయాక కాలు నొప్పంటూ మూలగడానికి సిగ్గేసేది. మా వార్డు చూసే సుగుణ సిస్టర్‌ది బసంత్‌నగర్. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆమె దగ్గర నా ఆటలు సాగలేదు.

"ఏం లేకుంటే ఆ దుప్పటి ఏం పాపం చేసింది తమ్మీ, గట్ల పిండుతున్నవ్?" అంది ఓ పొద్దున. నేను దుప్పటి వదిలేశాను. ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు నొప్పి ఓర్చుకుంటే రాజమన్న లేచొస్తడా? ఆయన కోసం ఏడువాలంటే ఏడువు. సూది మాత్రం వద్దనకు. నొప్పి ముదరకముందే చెప్పాలె, ముదిరినంక సూది గూడ జల్ది పనిచెయ్యది." ఆ రోజు మొదటిసారి సూదికి చెయ్యి చాపాను. ఏడ్చాను కూడా.

నొప్పి తగ్గింది కానీ భయం తగ్గలేదు. వార్డు కప్పు కింద కన్ను మూతపడేది కాదు. నిద్ర లేక నీరసించిపోతున్నానని డాక్టరుకు కంగారు. మంచం బయట వేయమని నేను ఒకటే గోల. అసలే మా వైపు ఎండలు, అందులోనూ మే నెల. "బయట పండితే అప్పడమైతవ్," అని తిట్టి, సిస్టర్ పొడవాటి బూజు కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. "బాయి మనిషివి. నువ్వే చూసుకో."

పడుకునే తట్టాను. గట్టిగా పలికింది.

"ఆ దినం గూడ గిట్లనే పలికింది సిస్టర్," అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఏం కాదని అనలేదు, ఫికర్ చెయ్యకని అనలేదు. స్టూలు లాక్కొచ్చి నా మంచం పక్కనే, అదే కప్పు కింద కూర్చుంది. ఒళ్లో దూది పెట్టుకుని ఉండలు చుట్టసాగింది. "నేను గూడ ఈడనే కూసున్న. ఇగ పండు," అంది. ఆమె వేళ్లను చూస్తూ చూస్తూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి పొద్దు వాలింది. ఆమె షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. ఆమె మాత్రం స్టూలు మీదే ఉంది.

సిస్టర్ ఇప్పుడు లేదు. చలికాలం నా కాలు ఇంకా సలుపుతుంది, ఇంట్లో వాళ్లకు చెప్పేస్తాను, దాచను. బాయిలో దెబ్బ తగిలి ఎవరైనా దవాఖానలో ఉన్నారంటే చూడ్డానికి వెళ్తాను. ఏం కాదులే అని మాత్రం అనను. అవుతుందో కాదో నాకు మాత్రం ఏం తెలుసు? స్టూలు మంచం దగ్గరికి లాక్కుంటాను. ఒకసారి కప్పు వైపు చూసి, కూర్చుంటాను.